తుఫానుకు సిద్ధమే, మెల్లగా వచ్చే నీటికి కాదు

ఆంధ్ర తీరంలో ఏ పంచాయతీ కార్యదర్శినైనా అర్ధరాత్రి లేపి, ఎల్లుండి తుఫాను తీరం దాటబోతోందని చెప్పండి. ఏం చేయాలో తెలుసు. దండోరా వేయించాలి, వేటకు వెళ్లిన పడవల లెక్క తీయాలి, పూరిళ్లలో ఉన్నవాళ్లను షెల్టరుకో బడికో చేర్చాలి, నెలలు నిండిన గర్భిణులను ముందే ఆసుపత్రికి పంపాలి, బియ్యం, జనరేటరు, పొక్లెయిను, చెట్లు కోసే రంపాలు చూసుకోవాలి. ఇది చిన్న విజయం కాదు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో సుమారు 10,000 మంది పోయారు. 1990 మే తుఫానులో ఆ సంఖ్య వెయ్యి లోపు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ విశాఖ నగరాన్ని నేరుగా కొట్టినప్పుడు పదుల్లోనే ఆగింది. వాతావరణ శాఖ 72 గంటల ముందు నుంచే అప్రమత్తం చేయడం, 2011 తర్వాత జాతీయ తుఫాను ముప్పు తగ్గింపు పథకం కింద కట్టిన షెల్టర్లు, వంతెనలు, కరకట్టలు, అన్నిటికన్నా ముఖ్యంగా గ్రామస్థాయి సిబ్బందికి పట్టుబడిన అలవాటు కలిసి ఈ ప్రాణాలను కాపాడాయి.

ఇప్పుడు అదే కార్యదర్శిని వేరే ప్రశ్నలు అడగండి. మీ ఊరి మురుగు డ్రైను సముద్రంలో కలిసే మొగ దగ్గర దాని అడుగు మట్టం సముద్ర మట్టానికి ఎంత ఎత్తులో ఉంది? మీ తాగునీటి బోరులో ఉప్పు పదేళ్ల కిందట ఎంత, ఈ ఏడు ఎంత? సముద్రపు గట్టు గత అయిదేళ్లలో ఎన్ని మీటర్లు లోపలికి జరిగింది? ఊళ్లో అన్నిటికన్నా పల్లంలో ఉన్న ఇంటి గడప ఎత్తెంత? ఈ జవాబులు పంచాయతీ ఆఫీసులో దొరకవు. తప్పు కార్యదర్శిది కాదు. వాటిని కొలిచి రాసుకోమని ఎవరూ అడగలేదు, రాసుకోవడానికి ఒక రిజిస్టరూ లేదు.

నా వాదన ఇదే. మన తీర స్థానిక సంస్థలు ఒక రోజులో వచ్చిపోయే విపత్తుకు సిద్ధమయ్యాయి. ఏడాదికి కొన్ని మిల్లీమీటర్ల చొప్పున పెరిగే సముద్రానికి, బోరులోకి ఎక్కే ఉప్పుకు, వాన వెలిశాక కూడా దిగని ముంపుకు సిద్ధం కాలేదు. వాతావరణ మార్పు మన తీరానికి ఎక్కువగా తెచ్చిపెట్టేది ఈ రెండో రకం కష్టమే. తుఫానులు కూడా ఈ పెరిగిన నీటి మీదుగానే వస్తాయి.

చట్టం ఏమంటుందో ముందు చూద్దాం. 2005 విపత్తు నిర్వహణ చట్టం 32వ సెక్షన్ ప్రకారం స్థానిక సంస్థలు కూడా జిల్లా విపత్తు నిర్వహణ సంస్థ పర్యవేక్షణలో సొంత ప్రణాళిక తయారు చేసుకోవాలి. 41వ సెక్షన్ సిబ్బందికి శిక్షణ, వనరుల నిర్వహణ, కట్టడాలు ప్రమాణాలకు తగ్గట్టు ఉండేలా చూడటం వాటి బాధ్యత అంటుంది. బాధ్యత స్పష్టంగానే ఉంది. అధికారం మాత్రం లేదు. 73వ రాజ్యాంగ సవరణతో వచ్చిన 11వ షెడ్యూలులో పంచాయతీలకు 29 అంశాలున్నాయి. చిన్ననీటి వనరులు, మత్స్యపరిశ్రమ, తాగునీరు, రోడ్లు, కల్వర్టులు అందులో ఉన్నాయి కానీ విపత్తు నిర్వహణ అన్న మాట లేదు. ఫలితంగా ప్రణాళిక పేరుతో పంచాయతీలో ఉండేది ఎక్కువచోట్ల ఫోన్ నంబర్ల జాబితా, జిల్లా ప్రణాళికలోంచి దించుకున్న నాలుగు పేజీలు. ఫోన్ నంబర్లు తుఫాను రాత్రికి పనికొస్తాయి. ఉప్పెక్కుతున్న బోరుకు ఎవరికి ఫోన్ చేయాలి?

డబ్బు దారి కూడా ఇలాగే ఉంది. రాష్ట్ర విపత్తు స్పందన నిధిని ఖర్చు పెట్టడానికి కేంద్రం ఒక జాబితా నోటిఫై చేసింది. తుఫాను, వరద, కరువు, భూకంపం, సునామీ, అగ్నిప్రమాదం, వడగళ్లు, కొండచరియలు, చీడపీడలు లాంటివి అందులో ఉన్నాయి. సముద్రపు కోత, భూమి ఉప్పుబారడం లేవు. అంటే తుఫాను గాలికి ఒక్క రాత్రిలో కూలిన ఇంటికి పరిహారముంది, ఆరేళ్లపాటు పునాది కిందనుంచి ఇసుక పోయి చివరికి ఒక పున్నమి పోటుకు ఒరిగిన ఇంటికి దారి వెతుక్కోవాలి. 15వ ఆర్థిక సంఘం ఈ లోపాన్ని గుర్తించింది. 2021–26 కాలానికి రాష్ట్ర విపత్తు నిధుల మొత్తంలో 20 శాతాన్ని ముందస్తు నివారణ పనుల కోసం విడిగా ఉంచమంది. జాతీయ స్థాయిలో కోత నివారణకు 1,500 కోట్లు, కోత వల్ల నిలువనీడ పోయినవాళ్ల పునరావాసానికి 1,000 కోట్లు కేటాయించమని సిఫారసు చేసింది. మంచి మలుపే. కానీ ఆ నిధి కోసం ప్రతిపాదన తయారు చేయాలంటే ఎక్కడ ఎంత కోత పడింది, ఏడాదికి ఎంత, ఎన్ని ఇళ్లు, ఏ మట్టంలో అన్న లెక్క కావాలి. ఆ లెక్కలేని ఊరు వరుసలో వెనకే ఉంటుంది. ఎక్కువ ప్రమాదంలో ఉన్న ఊరికే కాగితం లేకపోవడం నన్ను బాధపెడుతోంది.

మొగ దగ్గర ఏం జరుగుతోంది

డెల్టా ఊళ్లలో అసలు కథంతా డ్రైను చివరి కిలోమీటరులో ఉంది. కృష్ణా, గోదావరి డెల్టాల్లో సాగునీటి కాలువలు పందొమ్మిదో శతాబ్దంలోనే వచ్చాయి. మురుగు పోయే దారి మీద పట్టింపు మాత్రం చాలా ఆలస్యంగా వచ్చింది. 1960ల వరదల తర్వాత డ్రైన్ల సమస్య చూడటానికి మిత్ర కమిటీ వేశారు, 1968లో డ్రైనేజీ సెస్సు చట్టం తెచ్చారు. అంటే ముంపు మనకు కొత్త సమస్య కాదు. 2011లో కోనసీమ రైతులు సార్వా పంట వేయకుండా విరామం ప్రకటించినప్పుడు కూడా గిట్టుబాటు ధరతోపాటు వాళ్లు చెప్పిన కష్టాల్లో డ్రైన్ల పూడిక ఒకటి.

మొగ దగ్గర నీరు పాటులోనే బయటికి పోతుంది. పోటు సమయంలో సముద్రం డ్రైను కంటే ఎత్తుగా ఉంటుంది కాబట్టి స్లూయిజు (మొగ దగ్గరి తూము) తలుపు మూసుకోవాలి, లేదా ఉప్పునీరు వెనక్కి ఎక్కుతుంది. ఒక చిన్న లెక్క చూడండి. పెద్ద పోటుకీ పాటుకీ తేడా మీటరు 40 సెంటీమీటర్లు, అంటే సగటు సముద్ర మట్టానికి పైకి 70, కిందికి 70 అనుకుందాం. మన తూర్పు తీరంలో అమావాస్య, పౌర్ణమి పోట్లు ఇంచుమించు ఇలాగే ఉంటాయి. డ్రైనులో నీరు సగటు మట్టానికి 40 సెంటీమీటర్ల ఎత్తులో నిలిచి ఉందనుకుంటే, రోజుకు సుమారు ఏడున్నర గంటలు తలుపు మూసే ఉండాలి. సముద్రం 10 సెంటీమీటర్లు పెరిగితే అది దాదాపు ఎనిమిదిన్నర గంటలవుతుంది. 30 సెంటీమీటర్లు పెరిగితే దాదాపు 11 గంటలు. తెరిచి ఉన్న మిగతా గంటల్లో కూడా లోపలికీ బయటికీ ఎత్తు తేడా తగ్గిపోతుంది కనుక నీరు వేగంగా పోదు. రెండు దెబ్బలూ ఒకేసారి తగులుతాయి. ఇంతకుముందు మూడు రోజుల్లో నీరు తీసిన చేను అయిదో రోజుకూ తీయదు. అప్పుడే నాటిన వరికి ఆ రెండు రోజులే ప్రాణం.

ఇక్కడ నిజాయితీగా ఒక మాట చెప్పుకోవాలి. ఉత్తర హిందూ మహాసముద్రంలో 1993 తర్వాత సముద్ర మట్టం ఏడాదికి సుమారు 3.3 మిల్లీమీటర్ల చొప్పున పెరుగుతోంది. ఆ లెక్కన 10 సెంటీమీటర్లకు 30 ఏళ్లు. పైన ఆనకట్టలు, జలాశయాల్లో ఒండ్రు ఆగిపోవడం వల్ల డెల్టాకు కొత్త మట్టి అందక నేల కూడా కుంగుతోంది కాబట్టి కొన్నిచోట్ల ఇంకా ముందే రావచ్చు. అయినా ఇవాళ మన ఊళ్లను ముంచుతున్నది ఎక్కువగా సముద్రం కాదు. మొగలో మేట వేసిన ఇసుక, గుర్రపుడెక్క, తూటికాడ, డ్రైనుకు అడ్డంగా కట్టిన వలకట్లు, గట్టు తవ్వి కలుపుకున్న రొయ్యల చెరువులు, వెడల్పు చాలని కల్వర్టులు ముంచుతున్నాయి. పూడిక తీయని డ్రైనుకు వాతావరణ మార్పు సాకు కాకూడదు. సముద్రం చేసే పని ఏమిటంటే, ఇంతకాలం మన నిర్లక్ష్యాన్ని భరించిన ఆ కొద్దిపాటి వాలును తినేయడం. రేపటి డ్రైనుకు ఆ వెసులుబాటు ఉండదు.

ఈ చివరి కిలోమీటరు ఎవరిది? మేజరు డ్రైను జలవనరుల శాఖ డ్రైనేజీ విభాగానిది. దాని మీది వంతెన రోడ్లు భవనాల శాఖదో పంచాయతీరాజ్ ఇంజనీరింగ్ విభాగానిదో. పక్కన చెరువులకు అనుమతి మత్స్యశాఖది. గట్టు దాటాక మడ అడవి అటవీశాఖది. పంట బోదెలకు నీటి సంఘాలున్నాయి. పంచాయతీకి మిగిలేది వీధి కాలువ, చివరికి ఇళ్లలోకి వచ్చే నీరు. షట్టరు తిప్పే లస్కరు ఎవరి మనిషో, పోటు వేళకు తలుపు దించాడో లేదో అడిగే హక్కు సర్పంచికి లేదు. నా అభిప్రాయంలో మొదట మారాల్సింది ఇదే. మొగ స్లూయిజు నిర్వహణ రిజిస్టరు ఒక ప్రతి గ్రామ సచివాలయంలో ఉండాలి. తలుపు దించిన వేళ, ఎత్తిన వేళ, లోపలి నీటిమట్టం, బయటి నీటిమట్టం రోజూ రెండు పూటలా రాయాలి. నీటిమట్టం చూడటానికి స్లూయిజు గోడకు లోపలా బయటా సెంటీమీటర్ల గుర్తులున్న గేజి పలక బిగిస్తే చాలు. తలుపులు పాడయ్యే తీరు ఎప్పుడూ ఒకటే. ఉప్పుగాలికి కీళ్లు తుప్పు పట్టి బిగుసుకుంటాయి, గుమ్మంలో కొమ్మో గుర్రపుడెక్క ముద్దో ఇరుక్కుని తలుపు అరచేయి మందం తెరుచుకునే ఉండిపోతుంది, రబ్బరు సీలు చిరిగిపోతుంది. అరచేయి సందు చిన్నగా కనిపిస్తుంది. కానీ ప్రతి పోటుకూ అందులోంచి ఎక్కిన ఉప్పునీరు ఒక వేసవిలో దాళ్వా భూముల్ని చవిటి చేయగలదు. ఏప్రిల్‌లో కీళ్లకు గ్రీజు, జూన్‌కు ముందు సీలు మార్పు, అక్టోబరుకు ముందు ఇంకోసారి తనిఖీ. దీనికి పెద్ద డబ్బు అక్కర్లేదు, అడిగే మనిషి కావాలి.

మట్టం కొలవకుండా ప్రణాళిక లేదు

ఆంధ్రప్రదేశ్‌కు మిగతా చాలా రాష్ట్రాలకు లేని సౌకర్యం ఒకటుంది. 2019 అక్టోబరు నుంచి గ్రామ సచివాలయాల్లో ఇంజనీరింగ్ అసిస్టెంటు, గ్రామ సర్వేయరు ఉద్యోగాలున్నాయి, తీర గ్రామాల్లో మత్స్య సహాయకులున్నారు. భూముల రీసర్వే కోసం ఉపగ్రహ సంకేతాలతో పనిచేసే రోవర్లు, వాటికి ఆధారమైన శాశ్వత స్టేషన్లు వచ్చాయి. సర్వే నంబరు హద్దులు సెంటీమీటర్ల తేడాతో చెప్పగలిగే పరికరం, మనిషి ఊళ్లో ఉన్నారు. ఆ పరికరంతో ఎత్తులు కూడా తీయమని మాత్రం ఎవరూ చెప్పలేదు.

చేయాల్సిన పని చెబుతాను. ప్రతి తీర గ్రామంలో 30 చోట్ల మట్టం తీయాలి. మొగ స్లూయిజు గుమ్మం అడుగు, ప్రతి కల్వర్టు అడుగు, ఊరి ప్రధాన రోడ్డు పైభాగం, షెల్టరు నేలమట్టం, షెల్టరుకు వెళ్లే దారిలో అన్నిటికన్నా పల్లమైన చోటు, తాగునీటి చెరువు గట్టు పైభాగం, బోరు గట్టు, ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మ, ప్రాథమిక ఆరోగ్య ఉపకేంద్రం గడప, బడి గడప, ఆపైన ప్రతి పేటలో పల్లపు ఇళ్ల గడపలు రెండు మూడు. దగ్గర్లోని సర్వే ఆఫ్ ఇండియా బెంచిమార్కు (ఎత్తు ముందే కొలిచి పెట్టిన గుర్తు) నుంచి ఆటో లెవెలు అనే మట్టం కొలిచే పరికరంతో మొదలుపెట్టి, చుట్టూ తిరిగి మళ్లీ అక్కడికే వచ్చి ముగించాలి. ముగింపు తేడా, నడిచిన దూరం కిలోమీటర్లలో తీసుకుని దాని వర్గమూలానికి 12 మిల్లీమీటర్ల చొప్పున మించకూడదు. నాలుగు కిలోమీటర్ల చుట్టుకు 24 మిల్లీమీటర్లు. మించితే మళ్లీ కొలవాలి. రెండు మూడు రోజుల పని.

ఇక్కడ రెండు తప్పులు తరచుగా జరుగుతాయి, రెండూ ఖరీదైనవే. మొదటిది రోవరు చూపించే ఎత్తును అలాగే రాసుకోవడం. అది భూమి గణిత ఆకారం మీది ఎత్తు, సముద్ర మట్టం మీది ఎత్తు కాదు. మన తీరంలో ఈ రెంటికీ తేడా పదుల మీటర్లు. ఈ రెంటి తేడా చెప్పే జియాయిడ్ నమూనాతో సవరించాలి, ఒక బెంచిమార్కు మీద రోవరు పెట్టి సరిచూసుకోవాలి. రెండోది పోటు పట్టికలోని అంకెను నేరుగా ఈ మట్టాలతో పోల్చడం. పోటు పట్టిక ఓడల కోసం తయారైంది. అందులో సున్నా అంటే దాదాపు అన్నిటికన్నా దిగువ పాటు మట్టం, సగటు సముద్ర మట్టం కాదు. పట్టికలో 1.5 మీటర్ల పోటు అని ఉంటే అది సగటు సముద్ర మట్టానికి మీటరున్నర పైన అని కాదు, అందులో సగానికి అటూఇటూగా ఉంటుంది. ఈ తేడా తెలియని ఇంజనీరు కల్వర్టును అనవసరంగా ఎత్తులో పెడతాడు, లేదా స్లూయిజును పాటులో కూడా మునిగి ఉండేలా కడతాడు.

ఈ 30 మట్టాలు ఒక గోడ మీద పెయింటుతో రాసి పెడితే ఊరికి ఎంత ఉపయోగమో చూడండి. ఉప్పెన సగటు సముద్ర మట్టానికి రెండు మీటర్లు రావచ్చని హెచ్చరిక వచ్చినప్పుడు ఏ పేట ముందు ఖాళీ చేయించాలో, షెల్టరు దారి ఎక్కడ ముందు మునుగుతుందో సర్పంచికి అంకెతో తెలుస్తుంది. ఉప్పెన పోటుతో కలిసి వస్తే ఒక లెక్క, పాటులో వస్తే ఒక లెక్క. ఆ తేడా ఒక నిలువెత్తుకు కాస్త తక్కువ. ఇళ్ల స్థలాల లేఅవుటుకు పల్లపు భూమి చూపిస్తే, ఈ మట్టంలో కుదరదని గ్రామసభ కాగితం మీద చెప్పగలుగుతుంది. ఇది చాలా ముఖ్యం. చవగ్గా దొరుకుతుందని పల్లంలో వేసిన ప్రతి లేఅవుటూ రాబోయే యాభై ఏళ్ల సహాయ శిబిరానికి ఇప్పుడే వేసిన పునాది.

2019 తీర నియంత్రణ మండల (సీఆర్‌జెడ్) నోటిఫికేషను గురించి కూడా ఇక్కడే చెప్పాలి. జనసాంద్రత చదరపు కిలోమీటరుకు 2,161 దాటిన గ్రామీణ ప్రాంతాల్లో పోటు గీత నుంచి 50 మీటర్లు, మిగతా గ్రామీణ తీరంలో 200 మీటర్లు నిర్మాణ నిషేధ మేర. దీంతోపాటు కోత, ఉప్పెన, సముద్ర మట్టం పెరుగుదల కలిపి సర్వే ఆఫ్ ఇండియా ఒక ప్రమాద రేఖ గీసింది. కానీ ఆ రేఖ ఆధారంగా అనుమతి ఆపే అధికారం నోటిఫికేషను ఇవ్వలేదు. ప్రణాళికలకు వాడుకోమని మాత్రమే చెప్పింది. వాడుకోవాల్సింది ఎవరు? ఇంటి ప్లాను కాగితం ముందు వచ్చేది పంచాయతీకే. కనీసం ఆ రేఖ లోపల పడే సర్వే నంబర్ల జాబితా తెలుగులో ప్రతి తీర పంచాయతీ గోడ మీద ఉండాలి. కొనేవాడికి తెలియాలి, బ్యాంకుకు తెలియాలి.

ఉప్పు

ఉప్పు గురించి లెక్కలు కఠినంగా ఉంటాయి. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి. తాగునీటికి మంచి హద్దు లీటరుకు అర గ్రాము, వేరే దారి లేనప్పుడు రెండు గ్రాముల దాకా. అంటే మంచినీటిలో నూటికి రెండు వంతులు సముద్రపు నీరు కలిసినా మంచి హద్దు దాటిపోతుంది. తీరపు ఇసుక నేలలో మంచినీరు ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది. భూగర్భ నీటిమట్టం సముద్రానికి ఒక మీటరు పైన ఉంటే కింద 40 మీటర్ల దాకా మంచినీరు నిలబడుతుందని సూత్రం. తిప్పి చెప్పుకుంటే, మోటార్లతో ఆ మట్టాన్ని ఒక మీటరు దించితే అడుగున ఉప్పు 40 మీటర్లు పైకి రావాలని చూస్తుంది. అందుకే ఒక పెద్ద మోటారు లోతుగా దింపిన చోట చుట్టుపక్కల బోర్లన్నీ రెండేళ్లలో చెడిపోతాయి. ఒకసారి ఎక్కిన ఉప్పు దిగడానికి ఎన్నో వానాకాలాలు కావాలి. సముద్రం పెరగడం కంటే ముందు మన తోడకమే దీన్ని తెచ్చిపెడుతోంది. పోటు వైపు నుంచి ఒత్తిడి పెరిగే కొద్దీ తోడుకునే హద్దు ఇంకా కిందికి దిగుతుంది.

పంచాయతీ చేయగలిగింది ఇదీ. చేతిలో పట్టుకునే విద్యుత్ వాహకత మీటరు ఒకటి కొనాలి. నీటిలో కరెంటు ఎంత తేలిగ్గా పారుతుందో చూసి ఉప్పెంతో చెబుతుంది. తాగునీటికి కట్టుబడిన ఆర్థిక సంఘం గ్రాంటులో దీనికి చోటుంది. ఊళ్లో పది బోర్లు ఎంచుకోవాలి. సముద్రం వైపు మూడు, మధ్యలో నాలుగు, రొయ్యల చెరువుల వైపు మూడు. ఏటా మే చివర, జనవరి చివర కొలవాలి. బోరును పది నిమిషాలు నడిపించాక వచ్చే నీటినే పట్టాలి, ట్యాంకులోంచి పడితే అంకె తప్పుతుంది. కొలిచే ముందు 1,413 మైక్రోసీమెన్ల ప్రమాణ ద్రావణంలో మీటరు సరిచూసుకోవాలి. మైక్రోసీమెన్లలో చూపించిందో మిల్లీసీమెన్లలో చూపించిందో రాయకపోవడం అన్నిటికన్నా ఎక్కువగా జరిగే పొరపాటు, దాంతో మూడేళ్ల రికార్డు చెత్త అవుతుంది. మీటరు 1,000 మైక్రోసీమెన్లు చూపిస్తే లీటరుకు సుమారు 640 మిల్లీగ్రాముల లవణాలని లెక్క. నీటిమట్టం లోతు కూడా టేపుతో కొలిచి పక్కనే రాయాలి. ఉప్పు పెరిగి నీటిమట్టం దిగితే తోడకం ఎక్కువైందని అర్థం. నీటిమట్టం అలాగే ఉండి ఉప్పు పెరిగితే రొయ్యల చెరువునో, చెడిపోయిన స్లూయిజునో అనుమానించాలి. వరి పొలంలో మట్టి లవణీయత మీటరుకు 3 డెసిసీమెన్లు దాటిన దగ్గర నుంచి దిగుబడి పడిపోతుంది, ఆపైన ప్రతి డెసిసీమెన్‌కు సుమారు 12 శాతం. చౌడు తట్టుకునే విత్తనం వేయమని వ్యవసాయ సహాయకుడు చెప్పాలన్నా ఈ అంకె చేతిలో ఉండాలి.

ఉప్పెన నీరు తాగునీటి చెరువులో పడినప్పుడు జరిగే తప్పు ఒకటి చెప్పి ముందుకెళ్తాను. బ్లీచింగు పౌడరు చల్లి వదిలేస్తారు. క్లోరిన్ క్రిముల్ని చంపుతుంది, ఉప్పును తీయదు. చెరువు మొత్తం తోడి పారేసి, అడుగు కడిగి, కాలువ నీటితో మళ్లీ నింపాలి. అందుకు పంపుసెట్లు, గొట్టాలు, డీజిలు ఎవరు తెస్తారో ముందే ఒప్పందం రాసి ఉండాలి. వేసవిలో కాలువలు కట్టేసిన వేళ ఉప్పెన వస్తే నింపడానికి నీళ్లే ఉండవు. 1990 తుఫాను మే నెలలోనే వచ్చింది.

గోడ కట్టమనే ముందు

కోత విషయంలో ఊళ్లు అడిగేది ఒక్కటే, రాతి గోడ. ఆ కోరిక నాకు అర్థమవుతుంది. ఇల్లు పోతున్నవాడికి ఇంకో మాట చెప్పడం కష్టం. కానీ జాతీయ తీర పరిశోధన కేంద్రం 1990 నుంచి 2018 దాకా ఉపగ్రహ చిత్రాలు పోల్చి చూసినప్పుడు ఆంధ్ర తీరంలో సుమారు 29 శాతం కోతకు గురైంది, దాదాపు సగం మేర ఇసుక మేటతో పెరిగింది. ఇసుక ఒకచోట పోతే ఇంకోచోట చేరుతోంది. మన తీరం వెంబడి ఇసుక మొత్తం మీద దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తుంది. దారిలో ఓడరేవు గోడో, నదీముఖపు తిన్నెలో అడ్డుపడితే దక్షిణాన మేట, ఉత్తరాన కోత. కాకినాడకు ఉత్తరాన ఉప్పాడ దశాబ్దాలుగా కోతకు గురవుతుండటానికి గోదావరి ఇసుక నడకలో హోప్ ద్వీపం తిన్నె పెరగడం ఒక ముఖ్య కారణం. అక్కడ జియోట్యూబుల (ఇసుక నింపిన పెద్ద గుడ్డ గొట్టాల) గోడ కట్టారు, అలలకు అది దెబ్బతింది, బీచ్ రోడ్డు మళ్లీ మళ్లీ తెగింది. విశాఖలో పోర్టు పూడిక తీసిన ఇసుకను బీచ్ వైపు పోస్తూ ఉండటం వల్లే ఆర్కే బీచ్ కొంతైనా నిలబడుతోంది.

గోడ ఎలా కూలుతుందో తెలిస్తే అడగాల్సిన ప్రశ్నలు తెలుస్తాయి. అల గోడను కొట్టి వెనక్కి మళ్లేటప్పుడు గోడ కాలిదగ్గర ఇసుకను తోడేస్తుంది, కాలు కుంగి పైరాళ్లు జారతాయి. రాళ్ల కింద వడపోత గుడ్డ వేయకపోతే సందుల్లోంచి వెనకనున్న మట్టి కారిపోయి గోడ వెనక గుంత పడుతుంది. గోడ ముగిసిన చోట ఉత్తరపు అంచున అల వంపు తిరిగి పక్కూరిని రెట్టింపు కోస్తుంది. కాబట్టి గ్రామసభ తీర్మానంలో గోడ కావాలి అని రాయడం చాలదు. కాలు ఎంత లోతుకు దింపుతారు, ఒక్కో రాయి బరువెంత, వడపోత పొర ఉందా, ఉత్తరాన ఉన్న ఊరికి ఏమవుతుందో అధ్యయనం చేశారా, ఏటా రాళ్లు సర్దడానికి డబ్బు ఎక్కడిది అన్నవి కూడా అందులో ఉండాలి.

ఏ ప్రతిపాదనకైనా ముందు కావలసింది గట్టు రికార్డు. తీరానికి 150, 200 మీటర్ల లోపల కాంక్రీటు గుర్తురాళ్లు పాతాలి. వంద మీటర్లకొకటి చాలు. ప్రతి రాయి నుంచి సముద్రం వైపు నేరుగా టేపు వేసి, గడ్డి ముగిసే అంచుదాకా ఎన్ని మీటర్లో రాయాలి, అదే చోటు నుంచి ఫోటో తీయాలి. నైరుతికి ముందొకసారి, ఈశాన్య రుతుపవనాలు ముగిశాక ఒకసారి. మే అంకెను మేతోనే పోల్చాలి, జనవరితో కాదు. ఏ బీచయినా కాలాన్ని బట్టి తగ్గుతూ పెరుగుతూ ఉంటుంది, ఆ ఊగిసలాటను కోతగా చూపితే ఇంజనీర్లు ప్రతిపాదన తిప్పి పంపుతారు. రాళ్లను మరీ ఒడ్డున పాతితే మొదటి తుఫానుకే పోతాయి. ఈ పని మత్స్య సహాయకుడు, ఇద్దరు పల్లెకారులు ఒక పూటలో చేయగలరు. నాలుగేళ్ల రికార్డు ఉన్న ఊరి అర్జీకీ, ఫోటోలు మాత్రమే ఉన్న ఊరి అర్జీకీ విలువ ఒకేలా ఉండదు.

మడ అడవుల గురించి పొడుగ్గా చెప్పను. కోరింగ, కృష్ణా మొగల్లో మడ నాటిన అనుభవం మనకు ఉంది. ఎత్తుబారిన చవిటి నేలలో పోటునీరు అందేలా చేపముల్లు ఆకారంలో కాలువలు తవ్వి నాటితేనే బతుకుతాయి. నీరు నిలవని చోట ఫోటో కోసం నాటిన మొక్క ఎండాకాలం దాటదు. సరుగుడు తోపు గాలిని ఆపుతుంది, ఇసుకను కొంత పడుతుంది, కోతను ఆపదు.

షెల్టర్ల విషయంలో మాత్రం గట్టిగా చెప్పాలి. సముద్రపు నీటి తుంపర తగిలే కట్టడానికి భారతీయ ప్రమాణం కనీసం ఎం35 రకం గట్టి కాంక్రీటు, ఇనుముపై 50 మిల్లీమీటర్ల కవరు, అంటే కాంక్రీటు పొర అడుగుతుంది. కవరు తక్కువైనా, ఇసుక ఒడ్డునుంచి తెచ్చినా పదేళ్లలో ఊచ తుప్పు పట్టి ఉబ్బుతుంది, స్లాబు పెచ్చులూడుతుంది. అలాంటి స్లాబు కిందకు వందల మందిని పంపడం పెద్ద ప్రమాదం. ఏటా సెప్టెంబరులో సుత్తితో స్లాబంతా తట్టి చూడాలి, డొల్ల శబ్దం వచ్చిన చోటల్లా సున్నంతో గీత గీయాలి. అదే రోజు తాళాలు ఇద్దరి దగ్గర ఉన్నాయా, జనరేటరు అరగంట నడిచిందా, ఆడవాళ్ల మరుగుదొడ్లలో నీళ్లొస్తున్నాయా, చక్రాల కుర్చీ ఎక్కే వాలు ఉందా చూడాలి. ఒడిశాలో వెంకట్రాయ్‌పూర్, నోలియాసాహి గ్రామాలు 2020లో యునెస్కో సునామీ సన్నద్ధత గుర్తింపు తెచ్చుకున్నాయి. ముప్పు పటం, దారి పటం, జనం లెక్క, విన్యాసాలు లాంటి 12 సూచికలు దానికి ప్రమాణం. దానికి సాంకేతిక సాయం చేసే ఇన్‌కాయిస్ (సునామీ హెచ్చరికలిచ్చే జాతీయ సముద్ర సమాచార కేంద్రం) ఉన్నది మన పక్కనే, హైదరాబాదులో. మన తీర గ్రామాలు ఈ గుర్తింపుకు ఎందుకు పోటీ పడకూడదు?

కొన్ని ఊళ్లను నిలబెట్టలేం, ఈ మాట పైకి అనాలి. ఒడిశా సాతభాయా గ్రామాల్ని సముద్రం తినేశాక అక్కడివాళ్లను బాగపాటియాకు తరలించారు. అది ప్రభుత్వం పూనుకుని చేసిన తరలింపు అయినా జీవనోపాధి కష్టాలు తప్పలేదు. మన దగ్గర జరుగుతున్నది ఎవరికి వారు, ఇల్లు పడ్డాక, అప్పు చేసి వెనక్కి జరగడం. సముద్రంలో కలిసిపోయిన స్థలం అడంగల్‌లో ఇంకా అలాగే ఉంటుంది, యజమానికి మాత్రం స్థలముంది కాబట్టి కొత్త ఇంటి స్థలానికి అర్హత లేదంటారు. దీనికి జీవో ఒక్కటి చాలు. సర్వేయరు గుర్తురాళ్ల నుంచి కొలిచి, స్థలం పోటు గీత కిందికి పోయిందని పంచనామా రాస్తే, ఆ సర్వే నంబరులో పోయిన మేరను రికార్డులోంచి తీసి, ఆ కుటుంబాన్ని ఇల్లు లేనివాళ్ల జాబితాలో చేర్చాలి. వలలు, పడవ పెట్టుకునేందుకు ఒడ్డున ఉమ్మడి స్థలం వాళ్లకే ఉంచి, నివాసం మాత్రం ఎత్తైన చోటికి మార్చాలి. రెండు కిలోమీటర్లకు మించి దూరం పంపితే వేటకు వెళ్లేవాళ్లు వెనక్కి వచ్చి ఒడ్డునే గుడిసె వేసుకుంటారు.

ఏటా అక్టోబరు 2న మొదలయ్యే గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళిక సభల్లో ఈ పద్దులు చేరాలి. మట్టాల సర్వే, వాహకత మీటరు, గుర్తురాళ్లు, గేజి పలకలు, స్లూయిజు రిజిస్టరు. సర్వే మాత్రం సభ దాకా ఆగకూడదు, ఎండలున్నప్పుడే డ్రైను అడుగు కనిపిస్తుంది, మేలోపు ముగించాలి. మొదటి ఏడు 30 మట్టాలు, పది బోర్లు తప్ప ఇంకేమీ పెట్టుకోవద్దు. రెండో ఏడు అదే నెలలో, అదే బోర్లు, అదే రాళ్లు.